ఊరి పేరు కింద రెండు గీతలు

వనపర్తి గ్రంథాలయంలో పాత పుస్తకాలు తీసేస్తున్నారని, కావలసినవాళ్ళు వచ్చి ఊరికే పట్టుకుపోవచ్చని తెలిసి మొన్న గద్వాల నుంచి బస్సెక్కి వెళ్ళాను. వరండాలో గోడ వారగా కుప్ప పోశారు. పైన వారపత్రికల బైండ్లు, కింద పోటీ పరీక్షల పుస్తకాలు, వాటి కింద చెదలు మట్టి కట్టిన నిఘంటువు ఒకటి. మోకాళ్ళ మీద కూర్చుని వెతికితే నాకు కావలసింది దొరికింది. దాని అట్ట ఎప్పుడో పోయింది. ఆ స్థానంలో ఎవరో క్యాలెండరు కాగితం అంటించారు. లోపల, తేదీ ముద్రలు వేసే చీటీ మీద ఒకే సభ్యత్వ సంఖ్య పదకొండు సార్లు వరుసగా ఉంది. అది నాదే. ఆ పుస్తకాన్ని నేను తప్ప ఆ ఊళ్ళో ఇంకెవరూ ఇంటికి తీసుకుపోలేదు. ఆ రోజుల్లో ఆ సంగతి తలచుకొని మురిసిపోయేదాన్ని.

ఏ పేజీ తెరవాలో నాకు తెలుసు. తెరిచాను. పక్కన ఖాళీలో నా పెన్సిలు రాత కొంచెం మాసి, అలాగే ఉంది. "ఇది తర్వాత" అని రాసుకున్నాను. ఆ మాటల ఎదురుగా ఉన్న పేరా నాలుగంటే నాలుగు వాక్యాలు. విసుగు పుట్టి దాటేసిన వాక్యాలు. వాటిని అప్పుడే చదివి ఉంటే ఒక మనిషి తన భార్య ముఖం చూసి పోయేవాడు. ఇన్నేళ్ళలో ఈ సంగతి ముక్కలు ముక్కలుగా ఒకరిద్దరికి చెప్పానే గాని, మొదటి నుంచి చివరి దాకా ఎవరికీ చెప్పలేదు.

మాది గద్వాలలో నేత ఇల్లు. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే పైకి లేచేవాడు. ఇల్లంతా గంజి వాసన. వానాకాలం ఆ గంజి పులిసి, తడి నూలు వాసనతో కలిసి, దుప్పటికీ అన్నానికీ కూడా పట్టేది. మా ఊరి చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఒంటికి అడ్డదారం నడిపే నాడె ఒకటి, అంచుకు వేరే నాడె. రెండూ కలిసే చోట దారం దారాన్ని పట్టుకోవాలి. ఒక్క పోగు తప్పితే పైకి ఏమీ తెలియదు. కట్టుకున్న మనిషి నాలుగు సార్లు ఉతికాక అంచు విడిపోయి చేతికొస్తుంది. అందుకని నాయన నాలుగు వేళ్ళ మేర నేసినప్పుడల్లా ఆగి, ఒంగి, బట్ట కిందికి చెయ్యి పోనిచ్చి ఆ అతుకు వెంబడి తడిమేవాడు. ఆయన కళ్ళు అప్పుడు ఎటో గోడ మీద ఉండేవి. "పైన సూస్తె అన్ని సక్కగనే కనవడ్తయి బిడ్డా. కిందికి సెయ్యి పెడితెనే తెలుస్తది" అనేవాడు. ఆయనకు చదువు రాదు. నేను చదివినదంతా చెప్పమని అడిగేవాడు. నేను దారం కండెలు చుడుతూ చెప్పేదాన్ని. అమ్మ మాత్రం, "సదివి సదివి కండ్లు గుంతలు పడ్డయి, ఈ పిల్లను ఎవడు సేసుకుంటడు" అని పొయ్యి దగ్గర నుంచి అరిచేది.

డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆగిపోయాక వనపర్తిలో చిన్నమ్మ వాళ్ళ ఇంటికి వచ్చాను. ఇంట్లో చిన్న పిల్లలను చూసుకోవడం, మధ్యాహ్నం వాళ్ళు పడుకోగానే గ్రంథాలయానికి పోవడం నా దినచర్య. ఆడవాళ్ళకు కిటికీ కింద ఒక్కటే బల్ల. దాని దగ్గర ఎక్కువగా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. జిగురు వాసన, పురుగు పట్టకుండా అరల్లో పరిచిన ఎండు వేపాకు వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. లైబ్రేరియన్ వయసు మళ్ళిన మనిషి. పత్రికలోని ప్రతి వార్తనూ పెదాలు కదుపుతూ చదివేవాడు. పట్నంలో ఉద్యోగం దొరికి పోతున్న ఎవరో పుస్తకాల మూట ఇచ్చిపోతే, అందులో కంప్యూటరు ప్రోగ్రాంలు, వెబ్‌పేజీలు రాయడం నేర్పే ఈ పుస్తకం వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంగ్లీషుల ఉన్నది, లావున్నది. దీన్ని ఎవరు సదువుతరమ్మ? బరువుకు గిట్ల పెట్టుకోవాలె" అన్నాడు. "నేను సదువుత సార్" అన్నాను. ఆయన నవ్వి ముద్ర వేశాడు.

నాలుగు నెలల పాటు కంప్యూటరును ముట్టుకోకుండానే ఆ పుస్తకం చదివాను. పక్కన నిఘంటువు, ముందు నోటుబుక్కు. ప్రోగ్రాం రాసేది, అది నడిస్తే తెర మీద ఏం రావాలో మనసులోనే నడిపి కింద రాసుకునేది. తర్వాత ఒక ఇంటర్నెట్ సెంటరులో మొదటిసారి కొట్టి చూస్తే నేను రాసుకున్నదే వచ్చింది. ఆ రోజు ఇంటిదాకా నా కాళ్ళు నేల మీద పడలేదు. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాళ్ళకు ఒక రోగం ఉంటుంది. తమకు తెలిసిందే విద్య, తాము దాటేసిందంతా అనవసరం అనుకుంటారు. నాకూ ఆ రోగం ఉండేది.

ఆ ఇంటర్నెట్ సెంటరులోనే నరసింహ సారు నన్ను చూశాడు. రిటైరైన బడిపంతులు. ఎరువుల దుకాణం మీది రెండు గదుల్లో వలస కూలీల కోసం చిన్న సంఘం ఒకటి నడిపేవాడు. పాలమూరు మనుషులు మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా, కాలువల పనికీ ఆనకట్టల పనికీ, పేరు కూడా సరిగా పలకలేని ఊళ్ళకు పోయేవాళ్ళు. ఏ గుంపు ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకు తెలిసేది కాదు. ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ మేస్త్రీ, ఎక్కడ పని అనే వివరాలతో ఒక జాబితా తయారుచేసి, ఇంటర్నెట్ ఉన్న ఏ ఊళ్ళో అయినా చూసుకొనేలా పెట్టాలని ఆయన కోరిక. "నీకొస్తద అమ్మ?" అన్నాడు. "వస్తది సార్" అన్నాను.

పుస్తకం నేర్పిన విద్య సరిగ్గా దానికి పనికొచ్చింది. వెబ్‌పేజీ అంటే ఒకసారి రాసి గోడకు అంటించిన కాగితం కాదు. మనం అడిగినప్పుడల్లా ఎక్కడో దూరాన ఉన్న సర్వరు అనే కంప్యూటరు జాబితాలోంచి పేర్లు తీసి, అప్పటికప్పుడు కొత్తగా పేజీ రాసి పంపుతుంది. ఆ పేజీ పొట్టలో ఒక చిన్న ప్రోగ్రాంను కూడా పెట్టి పంపవచ్చు. అది సర్వరు దగ్గర ఏమీ చేయదు. మన ముందున్న కంప్యూటరుకు చేరాక ఇక్కడ లేచి పని మొదలుపెడుతుంది. మాకు అది అవసరం కూడా. టెలిఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్టు. ఊరు మార్చి చూడాలంటే మళ్ళీ సర్వరును అడగాలి, అది వచ్చేలోపు కరెంటు పోతుంది. అందుకని పేర్లన్నీ ప్రోగ్రాంతో సహా ఒకేసారి తెప్పించుకుంటే, ఊరి పేరు నొక్కగానే ఆ ఊరివాళ్ళు మాత్రమే కనిపించేలా ఇక్కడికిక్కడే చేయవచ్చు. మా చిన్నప్పుడు ఉత్తరం వస్తే చదివిపెట్టే మనిషి కోసం వీధి వీధి తిరిగేవాళ్ళు. నా పేజీ, చదివిపెట్టే మనిషిని కూడా లోపల కూర్చోబెట్టుకొని వచ్చే ఉత్తరం. నరసింహ సారుకు అలాగే చెప్పాను. ఆయన ఆ మాటను వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఒక్క సంగతి మాత్రం నేను లోతుగా ఆలోచించలేదు. ఆ ప్రోగ్రాంలో పేర్లుండే భాగాన్ని నేను రాయను. సర్వరు రాస్తుంది. జాబితాలో ఏముంటే దాన్ని తెచ్చి నా ప్రోగ్రాం మధ్యలో అతుకుతుంది. పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడానికి ముందొక ఉల్లేఖన గుర్తు, వెనకొక ఉల్లేఖన గుర్తు పెడుతుంది. జంట గీతల గుర్తు. పేరే ఆ గుర్తును మోసుకొని వస్తే ఏమవుతుందన్నదే ఆ నాలుగు వాక్యాల పేరా. మనుషుల పేర్లలో అలాంటి గుర్తులుంటాయా? మా నాయన పేరు, అమ్మ పేరు, చిన్నమ్మ పిల్లల పేర్లు వేసి చూశాను. అన్నీ చక్కగా వచ్చాయి. పెన్సిలుతో "ఇది తర్వాత" అని రాసి పేజీ తిప్పేశాను.

జాబితా కొట్టడానికి సుగుణక్క వచ్చింది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. వాళ్ళ నాయన మట్టి పనికి పోయి పోయి నడుము వంగిపోయిన మనిషి. ఆదివారం చర్చిలో పాడిన పాటను సోమవారం దాకా కూనిరాగం తీస్తూ కొట్టేది. వేళ్ళు మహా చురుకు. కాకపోతే ఆమెకు దిద్దే అలవాటు ఉండేది. మేస్త్రీ చీటీలో ఎంకటయ్య అని ఉంటే వెంకటయ్య అని మార్చి కొట్టింది. కొడుకు వచ్చి ఎంకటయ్య కోసం వెతికితే దొరకలేదు. పిల్లవాడు ఏడుపు మొహంతో వెనక్కి పోయాడు.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"ఎంకటయ్య అంటె తప్పు గద చెల్లె. దేవుని పేరాయె. మీ దేవుని పేరు నేను దిద్దవడ్తి, నువ్వు కొట్లాడవడ్తివి" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "దిద్దకు. కాయితం మీద ఏముంటె అదే కొట్టు. సుక్క ఉంటె సుక్క, గీత ఉంటె గీత" అన్నాను. ఆమె ఆ మాటను చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటించుకుంది. నన్ను ఆటపట్టించడానికి చేసినా, ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

ఒక ఎండాకాలం చివర, పక్క రాష్ట్రంలో కాలువ సొరంగం తవ్వుతున్న చోట మట్టి కూలింది. బల్మూరు వైపు గుంపులు రెండు, తిమ్మాజిపేట వైపు గుంపు ఒకటి అక్కడ ఉన్నాయి. దెబ్బలు తగిలినవాళ్ళను మూడు ఊళ్ళలోని మూడు దవాఖానాలకు మోశారు. మొదటి రెండింటికి మా సంఘం మనిషి పోయి, మంచం మంచం తిరిగి, ఫోనులో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాడు. సుగుణక్క వింటూ కొట్టింది. నేను పక్కన నిలబడి తెర మీద చూశాను. దవాఖానా పేరు, దాని కింద పేర్లు, సరిగ్గా వచ్చాయి. మూడో ఊరు బాగా దూరం. అక్కడి దవాఖానా గుమాస్తా తెల్లారి ఫ్యాక్స్ పంపుతానన్నాడు.

బల్మూరు, కల్వకుర్తి వైపు మనుషులు వనపర్తి దాకా రావడం కష్టం కాబట్టి, మరునాడు పొద్దున మొదటి బస్సుకు నేను నాగర్‌కర్నూల్ పోయాను. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు యజమాని ఒక కంప్యూటరు మాకు వదిలేశాడు. నేను పోయేసరికే మెట్ల నిండా మనుషులు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని కూర్చున్నారు. ఒక్కొక్కరు వచ్చి పేరు చెబుతుంటే నేను ఊరి పేరు నొక్కి చూపించేదాన్ని. దొరికినవాళ్ళు అక్కడే కుప్పకూలి ఏడ్చేవాళ్ళు. దెబ్బ తగిలిందని తెలిసి సంతోషంతో ఏడ్చిన మనుషులను నేను మొదటిసారి చూశాను. పదిన్నరకు సుగుణక్క సెంటరు ఫోనుకు చేసింది. "మూడోదాని ఫ్యాక్స్ వచ్చింది చెల్లె. కొడుతున్న. అర్ధ గంటల నీకు కనవడ్తది" అంది.

అర్ధగంట అయ్యాక పేజీని మళ్ళీ తెప్పించాను. మూడో దవాఖానా పేరు తెర మీదికి వచ్చింది. ఆ పేరు పేజీలో సర్వరు నేరుగా రాసేది. దాని కింద పేర్లు పేర్చేది నా ప్రోగ్రాం, ఒక్కో దవాఖానాకు ఒక్కో ముక్కగా. పేరు కింద ఖాళీ. తెర అడుగున ఎడమ మూల చిన్న పసుపుపచ్చ త్రికోణం ఒకటి వెలిగింది. పేజీలో ఎక్కడో ప్రోగ్రాం తప్పు పోయిందని దాని అర్థం. నేను చూశాను. చూడలేదనడం అబద్ధం. కాని ఆ రోజుల్లో సగం వెబ్‌సైట్లలో ఆ త్రికోణం ఊరికే వెలుగుతుండేది, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. నేనూ కన్ను తిప్పేసుకున్నాను.

అప్పుడే ఈదమ్మ నా ముందుకు వచ్చింది. బల్మూరు దగ్గర ఊరు. నలభై లోపు మనిషి. చంకలో బట్టమూట, అందులో జొన్నరొట్టెలు, మగనికి ఒక ఉతికిన అంగి. వెంట మరిది రాములు.

"కుర్మయ్య, బిడ్డా. తండ్రి పేరు లసుమయ్య. జర సక్కగ సూడు" అంది.

ఊరి పేరు నొక్కాను. మొదటి దవాఖానాలో లేడు. రెండోదాంట్లో లేడు.

"ఈ రెండిట్ల లేడు పెద్దమ్మా."

"మూడోదాంట్ల?"

"అండ్ల మనోళ్ళు ఎవ్వరు లేరు."

ఆ మాట నేనే అన్నాను. తెర అనలేదు. తెర ఖాళీగా ఉంది, అంతే. ఖాళీని ఎవ్వరూ లేరని చదివింది నేను. చదివిపెట్టే మనిషిని ఉత్తరంలోనే పెట్టి పంపానని గొప్పలు చెప్పుకున్నదాన్ని, ఆ పూట చదివిపెట్టింది నేనే.

రాములు ముఖం వెలిగింది. "లేడంటె మంచిదే గద వదినె. దెబ్బ తాకలేదన్నట్టు. పని కాడనే ఉన్నడేమో" అన్నాడు. వెనకనుంచి ఎవరో ముసలామె, "లేకుంటె మట్టి కిందనన్న..." అని సగంలో ఆపింది.

ఈదమ్మ వెనక్కి తిరగలేదు. "ఇంగోసారి సూడు బిడ్డా. సదువుకున్నదానివి" అంది. మళ్ళీ తెప్పించాను. చాలాసేపటికి వచ్చింది. అదే పేరు, అదే ఖాళీ, అదే త్రికోణం. తల అడ్డంగా ఊపాను. ఆమె మూటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"ఉంటె గుడిసెల కాడ ఉంటడు, లేకుంటె మట్టి కాడ ఉంటడు. రెండిటికి ఒకటే తొవ్వ గద. పా రాములు" అంది. పోతూ పోతూ ఒక రొట్టె నా బల్ల మీద పెట్టింది. పొద్దటి నుంచి నేనేమీ తినలేదని ఎట్లా తెలిసిందో.

వాళ్ళు మధ్యాహ్నం బస్సెక్కారు. అక్కడినుంచి రైలులో రెండు రోజుల దారి. సొరంగం ఒక దిక్కు, మూడో ఊరు దానికి పూర్తిగా ఇంకో దిక్కు. నేను పొద్దు గూకేలోపు వనపర్తి చేరాను. ఎరువుల వాసన మెట్ల మీదే ఎదురొచ్చింది. సుగుణక్క గుమ్మంలోనే, "ఏం చెల్లె, అందరు దొరికిండ్రా? మూడోదాంట్లనే తొమ్మిది మంది ఉండిరి, అందరు బతికే ఉన్నరంట. బల్మూరు దిక్కోళ్ళే ఆరుగురు" అంది.

"ఏ తొమ్మిది మంది?" అన్నాను.

ఆమె ఫ్యాక్స్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. మొదటి వరుసలో మాసయ్య అనే పేరు, దాని పక్కన ఊరి పేరు పూర్తిగా. రెండో వరుసలో కుర్మయ్య, తండ్రి లసుమయ్య. ఊరి పేరు ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు. పైనున్నదే కింద కూడా అని చెప్పడానికి గుమాస్తాలు పెట్టే గీతలు. మూడో వరుసలో మళ్ళీ రెండు గీతలు. నాలుగో వరుసలోనూ అంతే. మావాళ్ళు ఒక ఊరివాళ్ళంతా ఒకే మేస్త్రీ వెంట పోతారు, ఒకే చోట పడుకుంటారు, మట్టి కూలితే ఒకే చోట చిక్కుకుంటారు, దవాఖానాలో పక్కపక్క మంచాలే దొరుకుతాయి. గుమాస్తా ఊరి పేరు ఒకసారి రాసి, మిగతావాటికి గీతలు పెట్టుకుంటూ పోయాడు. సుగుణక్క గీత ఉంటే గీత కొట్టింది. కీబోర్డు మీద ఆ గీతలకు ఉన్న మీట ఒకటే, ఉల్లేఖన గుర్తుది.

అప్పుడు నేను పేజీని తిప్పి వెనకవైపు చూశాను. తెర మీద కనిపించేది కాకుండా, లోపల సర్వరు రాసి పంపిన అసలు అక్షరాలు. మొదటి నుంచీ ఆ వీలు ఉంది. నా సొంత పేర్లతో పరీక్షించినప్పుడు తప్ప ఎన్నడూ చూడలేదు. కుర్మయ్య వరుసలో ఆ గుర్తు మూడు సార్లు, ఒకదాని పక్కన ఒకటి. ఊరి పేరు మొదలుకు ఒకటి, గుమాస్తా గీతలకు ఒకటి, ఊరి పేరు ముగింపుకు ఒకటి. ప్రోగ్రాం రెండోదాన్నే ముగింపు అనుకుంది. మూడోది ఎందుకుందో దానికి అర్థం కాలేదు. అర్థం కాకపోతే అది అడగదు, అరవదు. ఆ దవాఖానా తాలూకు ముక్క ముక్కంతా, మాసయ్యతో సహా తొమ్మిది మందినీ పెదవి విప్పకుండా వదిలేసింది.

నరసింహ సారు ఆ పూటే ఫోను పట్టుకొని కూర్చున్నాడు. దవాఖానా నుంచి, కుర్మయ్య ఉన్నాడు, నడుము కింద నలిగింది, మాట్లాడుతున్నాడు, త్వరగా రమ్మనండి అన్నారు. మేస్త్రీ ఫోను మోగలేదు. సొరంగం దగ్గర ఆఫీసులో ఎత్తినవాడికి మా భాష రాదు. రైల్లో జనరల్ బోగీలో ఉన్న ఈదమ్మకు మా మాట చేర్చే దారి లేదు. ఆమె గుడిసెల దగ్గరికి చేరి, అక్కడ మిగిలినవాళ్ళ నోట సంగతి విని, మళ్ళీ రైలెక్కి ఆ ఊరు చేరేసరికి కుర్మయ్య పోయి ఒక రోజైంది. మిగిలిన ఎనిమిది మంది ఇంటివాళ్ళలో కొందరికి మాట అందింది, కొందరికి ఆలస్యంగా అందింది. వాళ్ళ మనుషులు బతికారు. ఈదమ్మ మనిషి బతకలేదు. ఆమె చూసి ఉంటే బతికేవాడని కాదు. చూసేది.

నేను గద్వాల పోయి వారం రోజులు మంచం దిగలేదు. నాయన ఏమైందని అడిగితే, ఆయనకు ఎప్పటిలా మొత్తం చెప్పాను. విన్నాడు. నాడెను చేతిలో ఒకసారి తిప్పాడు. తర్వాత, తప్పు పట్టే గొంతుతో కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టు, "కిందికి సెయ్యి పెట్టలేదా బిడ్డా?" అన్నాడు. ఆయన మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ రోజు మగ్గం చప్పుడు నాకు వినబుద్ధి కాలేదు.

తిరిగి వచ్చాక తప్పు దిద్దాను. ఒక్క వరుస పట్టింది. పేరులో ఆ గుర్తు ఉంటే, సర్వరు దాని ముందు ఒక వాలు గీత పెట్టి పంపాలి. అప్పుడు ప్రోగ్రాంకు అది పేరులో భాగమని తెలుస్తుంది. ఊరి పేరు నొక్కితే కుర్మయ్య రాకపోయినా, దవాఖానా పేరు కింద తొమ్మిది మందీ కనిపించేవాళ్ళు. నేను దాటేసిన పేరాలో ఉన్నదదే. సుగుణక్క మాత్రం మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. "నాకు నేను దిద్ది ఆ ఊరి పేరు కొట్టి ఉంటె ఆయన దొరికేటోడు చెల్లె. నా సెయ్యి పోయింది కూడ, కొట్టనీకె. నీ చీటీ సూసి ఆగిన" అంది. అందులో నిష్ఠూరం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ చీటీ కంప్యూటరు మీద నుంచి పీకింది ఆమే. పీకి చింపలేదు, మడిచి తన బైబిలులో పెట్టుకుంది.

రెండు నెలల తర్వాత ఈదమ్మ ఏదో కాగితం మీద సారు సంతకం కోసం వచ్చింది. సారు లేడు. ఎరువుల దుకాణం మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నేను చెప్పకుండా ఉండవచ్చు. ఆమెకు తెలిసే దారే లేదు. చెప్పాను. ఆ రోజు ఆయన పేరు ఉందని, నేను లేదన్నానని, గీతల సంగతి, నాకు చేతనైనట్టు నేల మీద పుల్లతో గీసి చూపించాను.

ఆమె ఒంగి ఆ గీతలను చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మాసయ్య చెప్పిండు" అంది. "మా ఆయన దినాం అడుగుతుండెనంట ఆ రాసేటోన్ని. సారూ, మా ఊరి పేరు రాసుకున్నరా, మావోళ్ళకు తెలవాలె అని. రాసుకున్న, రాసుకున్న అన్నడంట వాడు." పుల్ల నా చేతిలోంచి తీసుకుంది. "గిదా బిడ్డా, రాసుకునుడంటె? గీ రెండు గీతలా? మా ఊరి పేరు మూడు అచ్చరాలు గద. ఇంగోసారి రాస్తె వాని సెయ్యి నొస్తుండెనా?"

"తప్పు నాది పెద్దమ్మా" అన్నాను.

"నీది గూడ" అంది. కోపం లేదు, కనికరం కూడా లేదు. లేచి చీర దులుపుకొని, సారు ఎప్పుడొస్తాడని అడిగి వెళ్ళిపోయింది. తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఇప్పుడు నేను గద్వాలలో బడిపిల్లలకు కంప్యూటరు చెబుతాను. ఈ కాలపు పనిముట్లు ఆ గుర్తుల సంగతి అవే చూసుకుంటాయి. అలాంటి తప్పు చేద్దామన్నా సులువుగా చేయనివ్వవు. పిల్లలకు ఆ పేరా చదవాల్సిన అవసరం నిజంగానే లేదు. పుస్తకం కోసం గ్రంథాలయం దాకా పోవలసిన అవసరమూ లేదు. ఫోను ప్రతి చేతిలో ఉంది. వలస పోయిన మనిషి సాయంత్రం బొమ్మతో సహా మాట్లాడతాడు. మంచిదే, అప్పటి కన్నా నూరు పాళ్ళు మంచిదే. కాని నిన్నగాక మొన్న నా ముందే, ఒక కౌంటరులో కూర్చున్న కుర్రాడు తెర చూసి, "నీ పేరు లేదమ్మ, పో" అన్నాడు ఒక ముసలామెను. తెర మీద ఖాళీ ఉంది. ఆమె పోయింది. నాయన పోయి ఏళ్ళయింది, మగ్గం గుంట పూడ్చి పైన గచ్చు చేశాం, దాని మీదే నా కంప్యూటరు బల్ల ఉంది. అక్కడ కూర్చున్నప్పుడు ఎప్పుడైనా పాదాల కింద చల్లగా అనిపిస్తుంది.

మొన్న గ్రంథాలయంలో పుస్తకం చేత పట్టుకొని లేస్తే, అక్కడి ఉద్యోగి రిజిస్టరు ముందుకు తోశాడు. ఉచితంగా తీసుకుపోయేవాళ్ళు పేరు, ఊరు, పుస్తకం పేరు రాసి సంతకం పెట్టాలి. నా పైన అయిదుగురున్నారు. మొదటివాడు గద్వాల అని రాశాడు. కింది నాలుగు వరుసల్లో రెండేసి గీతలు.

"మీది గూడ గద్వాలనే గద మేడం, రెండు గీతలు పెట్టుండ్రి, సరిపోతది" అన్నాడు.

పెన్ను సరిగా పడలేదు. రెండుసార్లు విదిలించి, నా పేరు పక్కన గద్వాల అని పూర్తిగా రాశాను. తర్వాత పై వరుసకు పోయి, ఆ గీతల పక్కన గద్వాల అని రాశాను. దాని పై వరుసలో కూడా.

"అవి వేరేటోళ్ళవి గద మేడం" అన్నాడతను.

అవునన్నాను. ఇంకా రెండు వరుసలున్నాయి, రాస్తూనే ఉన్నాను.